మెకంజీ కైఫియత్తుల సూచికలు

మెకంజీ కైఫియత్తుల సూచికలు అనగా కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) సేకరించిన స్థానిక చరిత్రలలో కావలసిన పత్రమును వెదకుటకు వివిధ కాలములలో తయారైన పట్టికలు. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలములోని కొండవీడుకు సంబంధించిన దండకవిలె ఈ సేకరణలోని ప్రసిద్ధ పత్రములలో ఒకటి. పత్రము భద్రముగా ఉన్నప్పటికీ దానిని చూపు సూచిక పాతబడినచో అది పాఠకునికి అందదు. అందువలన ఈ సూచికలు పలుమార్లు తిరిగి రూపొందించబడినవి.

నేపథ్యము

స్కాట్లండులో జన్మించిన మెకంజీ 1783లో మద్రాసు చేరి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలైన సహాయకులు కరణముల కవిలెలను, స్థలపురాణములను, శాసనముల నకళ్ళను సేకరించారు. గ్రామ పూర్వోత్తరములు, దేవాలయములు, మాన్యములు, పాలకుల వరుస తెలుపు నివేదికయే కైఫియతు.

ముఖ్య సూచికలు

* 1828 – హోరేస్ హేమన్ విల్సన్ కలకత్తాలో ప్రచురించిన రెండు సంపుటముల వివరణ పట్టిక.
* 1857–1862 – విలియం టేలర్ మూడు సంపుటముల పట్టిక. అంతకు పూర్వము 1830లలో ఆయన మద్రాసుకు చేరిన ప్రతులను పరిశీలించి, శిథిలమైన వాటికి నకళ్ళు వ్రాయించాడు.
* 1976 – తెలుగు, కన్నడ, మరాఠీ ప్రతులకు టి.వి. మహాలింగం కూర్చిన సంగ్రహములు (మద్రాసు విశ్వవిద్యాలయము).

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కూడ స్థానిక చరిత్రలకు శుద్ధప్రతులు వ్రాయించాడు. దక్షిణ భాషల ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో ఉన్నవి.

కొండవీడు ఉదాహరణ

కుతుబ్‌షాహీల తరువాత కొండవీటి సీమకు ముర్తజానగర్ సర్కారు అను పేరు కూడ వాడుకలో ఉండెను. కంపెనీ పాలనలో ఇది గుంటూరు జిల్లాలో చేరినది. 1859లో ఆ జిల్లా రద్దు కాగా కృష్ణా జిల్లాలోకి, 1904లో మరల గుంటూరు జిల్లాలోకి, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాలోకి వచ్చినది. పైగా "కొండవీడు" అను పేరు సమాసములలో "కొండవీటి" అగును. కావున ఒకే పేరును, ఒకే జిల్లాను ఆధారముగా చేసికొన్న అకారాది పట్టికలో కొన్ని పత్రములు కనబడక పోవచ్చును.

పునర్నిర్మాణ విధానము

ముందుగా ప్రతి పత్రమునకు మారని క్రమసంఖ్య ఉండవలెను. పిదప అసలు ప్రతిని చదివి గ్రామము, పాత పేర్లు, పూర్వపు, నేటి జిల్లాలు, రాజవంశము, భాష వేరువేరుగా గుర్తించవలెను. పాత పట్టికను చూచి కొత్తది వ్రాసినచో పాత తప్పులే తిరిగి వచ్చును.

డాక్యుమెంటు డేటాబేసులలోను సూత్రము ఇదియే. అక్కడ సూచిక పత్రముల నుండి పుట్టినదే కనుక దానిని తొలగించి మరల నిర్మించినను పత్రములకు నష్టము లేదు. నిర్మాణము ముగియు వరకు అన్వేషణ మాత్రము మందగించవచ్చును. కాని పత్రమే నశించినచో సూచిక దానిని తిరిగి ఇవ్వలేదు.

ప్రాముఖ్యము

రెడ్డి రాజుల చరిత్ర రచనలో మల్లంపల్లి సోమశేఖర శర్మ (గ్రంథము 1948) దండకవిలెను ఉపయోగించాడు. ఇట్టి పత్రములలోని తేదీలను శాసనములతో సరిపోల్చి గ్రహింపవలసి ఉండును. ఆ పోలికకు పత్రము మొదట దొరకవలెను. అదియే సూచిక ప్రయోజనము.