వెయిట్ లాస్ ఇంజెక్షన్లు: తొలి వారాల్లో వికారం, వాంతులు ఎందుకు వస్తాయి..? షిఫ్టు డ్యూటీ చేసేవారు తప్పక తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు ఇవే..

బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఒకప్పుడు విదేశీ సెలబ్రిటీల వార్తల్లోనే వినిపించేవి. ఇప్పుడు మన మెడికల్ షాపుల దాకా వచ్చేశాయి. టిర్జెపటైడ్ అనే మందు ‘మౌంజారో’ పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ ‘వెగోవీ’ పేరుతో అదే ఏడాది జూన్‌లో మన దేశంలో విడుదలయ్యాయి. సెమాగ్లుటైడ్‌పై పేటెంట్ గడువు ఇక్కడ 2026 మార్చి వరకే కావడంతో.. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు జనరిక్‌లపై దృష్టి పెట్టాయి.

అయితే ఈ ఇంజెక్షన్లపై దొరికే సలహాలు చాలావరకు ఏసీ గదిలో కూర్చుని, వేళకు తినే వారిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. సంగారెడ్డి జిల్లా పాశమైలారం, పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో పరిస్థితి వేరు. బాయిలర్ పక్కన, డ్రయర్ దగ్గర గంటల తరబడి నిలబడాలి. ఈ వారం డే షిఫ్టు అయితే వచ్చే వారం నైట్ షిఫ్టు. ఇలాంటి పనిలో ఉన్నవారు ఇంజెక్షన్ మొదలుపెడితే మొదటి కొన్ని వారాలు ఎలా గడపాలి? ఏది మామూలు ఇబ్బంది.. ఏది ప్రమాద సంకేతం..? ఇప్పుడు తెలుసుకుందాం..

అసలు కడుపులో ఎందుకు తిప్పుతుంది?

మనం తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పేది ఇదే. సెమాగ్లుటైడ్ ఈ హార్మోన్‌లాగే పనిచేస్తుంది. టిర్జెపటైడ్ దీంతో పాటు జీఐపీ అనే మరో హార్మోన్ పని కూడా చేస్తుంది. ఆకలి తగ్గుతుంది. కడుపులోని ఆహారం కిందికి జారడం ఆలస్యమవుతుంది. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. పాత అలవాటు కొద్దీ ప్లేటు నిండా తింటే ఆ ఆహారం కడుపులో ఎక్కువసేపు ఉండిపోతుంది. దాంతో వికారం, ఉబ్బరం, గుండెల్లో మంట, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే తేన్పులు వస్తాయి.

ఇది అరుదేమీ కాదు. సెమాగ్లుటైడ్‌పై 1,961 మందితో జరిగిన ‘స్టెప్-1’ అనే ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. అందులో మందు తీసుకున్నవారిలో దాదాపు 44 శాతం మందికి వికారం, 31 శాతం మందికి విరేచనాలు, 25 శాతం మందికి వాంతులు, 23 శాతం మందికి మలబద్ధకం వచ్చాయి. ఎక్కువ మందిలో ఇవి ఓ మోస్తరుగానే ఉండి, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోయాయి. కడుపు సమస్యల వల్ల మందు పూర్తిగా మానేసినవారు 4.5 శాతం మాత్రమే. అంటే మొదటి వారాలు జాగ్రత్తగా దాటితే చాలామంది సర్దుకుంటారన్నమాట.

డోసు విషయంలో తొందర వద్దు

ఈ మందులను చిన్న డోసుతో మొదలుపెట్టడానికి కారణం శరీరానికి అలవాటు చేయడమే. వెగోవీ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలై.. నాలుగేసి వారాలకు ఒక్కో మెట్టు చొప్పున 0.5, 1, 1.7, 2.4 మిల్లీగ్రాములకు వెళ్తుంది. మౌంజారో నాలుగు వారాలు 2.5, ఆ తర్వాత 5 మిల్లీగ్రాములు. అవసరమైతే ఇంకా పెంచుతారు. డోసు పెరిగిన ప్రతిసారీ వికారం మళ్లీ కొన్ని రోజులు కనిపించవచ్చు. పెంచే తేదీ వచ్చినా వాంతులు తగ్గకపోతే ఆ విషయం డాక్టర్‌కు చెప్పాలి. పాత డోసులోనే ఇంకొన్ని వారాలు ఉంచే వీలుంటుంది.

ఇక్కడే డబ్బు లెక్క అడ్డొస్తుంది. మౌంజారో విడుదలైనప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ ధర రూ.3,500. వారానికొకటి చొప్పున నెలకు రూ.14 వేలు. ఇంత ఖర్చు పెట్టాం కదా అని వాంతులను భరిస్తూ ఎవరికీ చెప్పకుండా కొనసాగించడం, త్వరగా తగ్గాలని సొంతంగా డోసు పెంచడం.. రెండూ ప్రమాదమే. ఒకరి పెన్ను మరొకరు పంచుకోవడం అసలే కూడదు. సూది మార్చినా సరే, ఇన్‌ఫెక్షన్లు సోకే ముప్పు ఉంటుంది.

వయల్ నుంచి సిరంజీలోకి తీసుకునేవారు మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, సిరంజీ మీది యూనిట్లు.. ఈ మూడింటినీ కలగాపులగం చేయకూడదు. అమెరికాలో ఫార్మసీలు కలిపి ఇచ్చిన సెమాగ్లుటైడ్ వయల్స్‌తో కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువ డోసు తీసుకున్నారని ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది. మొదటి ఇంజెక్షన్ డాక్టర్ లేదా నర్సు ఎదుటే వేసుకుని నేర్చుకోవడం మంచిది.

షిఫ్టు డ్యూటీ ఉంటే ఏ రోజు వేసుకోవాలి?

ఇంజెక్షన్ వారానికి ఒకసారే. రోజులో ఏ సమయంలోనైనా, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. చాలామందిలో వికారం ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి వీక్లీ ఆఫ్‌కు ముందు రోజు డ్యూటీ దిగాక వేసుకుంటే ఆ ఇబ్బంది సెలవు రోజున గడిచిపోతుంది.

ఆఫ్ మారితే ఇంజెక్షన్ రోజును కూడా మార్చుకోవచ్చు. కానీ రెండు డోసుల మధ్య వెగోవీకి కనీసం 2 రోజులు, మౌంజారోకు కనీసం 3 రోజులు తేడా ఉండాలి. డోసు మర్చిపోతే..? వెగోవీ అయితే తర్వాతి డోసుకు ఇంకా 2 రోజుల కంటే ఎక్కువ సమయం ఉంటేనే వేసుకోవాలి. మౌంజారో అయితే మర్చిపోయిన 4 రోజుల్లోపు వేసుకోవచ్చు. ఆ గడువు దాటితే వదిలేసి తర్వాతి డోసు మామూలు రోజునే తీసుకోవాలి. ఒకేసారి రెండు డోసులు వద్దు. వరుసగా రెండు మూడు వారాలు మిస్ అయితే.. పాత డోసుతోనే మళ్లీ మొదలుపెట్టకుండా ముందు డాక్టర్‌ను అడగాలి.

ఏం తినాలి.. ఎలా తినాలి?

• మామూలుగా తినే దాంట్లో సగం పెట్టుకోవాలి. మెల్లగా తినాలి. చాలనిపించగానే ఆపేయాలి. ఇంకో ముద్ద బలవంతంగా తింటే అదే వాంతికి దారి తీస్తుంది.

• మొదటి వారాల్లో ఇడ్లీ, పెరుగన్నం, పలుచటి రాగి జావ, చారన్నం తేలిగ్గా ఉంటాయి. మిర్చి బజ్జీ, పూరీ, నూనె తేలే కూరలు, బిర్యానీ కడుపులో ఎక్కువసేపు నిలిచి వికారాన్ని పెంచుతాయి.

• తినేది తగ్గినప్పుడు కండ కరిగిపోకుండా ప్రొటీన్ ముఖ్యం. ఉడికించిన గుడ్డు, పప్పు, పెరుగు, చికెన్, చేపలు కొంచెం కొంచెంగా ప్రతి పూటా ఉండాలి. జుట్టు రాలుతోందని కొందరు కంగారుపడతారు. వేగంగా బరువు తగ్గినప్పుడు ఇది కనిపించవచ్చు. సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

• నైట్ షిఫ్టు దిగి వచ్చి, ఉదయాన్నే కడుపు నిండా తిని వెంటనే పడుకోవడం చాలామందికి అలవాటు. ఈ మందు వాడుతున్నప్పుడు దీనివల్ల గుండెల్లో మంట, పులితేన్పులు బాగా పెరుగుతాయి. షిఫ్టు మధ్యలోనే కొంచెం తిని, ఇంటికొచ్చాక తేలికగా తినాలి. పడుకోవడానికి కనీసం రెండు గంటల తేడా ఉంచాలి.

• కల్లు, మద్యం తాగితే వికారం, ఒంట్లో నీరు తగ్గడం రెండూ పెరుగుతాయి. వీటికి దూరంగా ఉండటమే మేలు.

మలబద్ధకం ఉంటే నీళ్లు, ఆకుకూరలు, పండ్లు, రోజూ నడక.. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్‌ను అడిగి ఇసబ్గోల్ లాంటివి వాడొచ్చు. వాంతుల మాత్రలు కూడా డాక్టర్ రాసిస్తేనే తీసుకోవాలి.

అసలు ముప్పు వేడి దగ్గరే..!

షిఫ్టు కార్మికులు అన్నింటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది నీళ్ల విషయం. ఓవైపు వాంతులు, విరేచనాలతో నీరు పోతుంది. మరోవైపు చెమట రూపంలో పోతుంది. పైగా ఈ మందులతో కొందరికి ఆకలితో పాటు దాహం కూడా తగ్గుతుంది. ఒంట్లో నీరు బాగా పడిపోతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉందని ఈ మందుల లేబుల్‌పైనే హెచ్చరిక ఉంటుంది.

వేడిలో పనిచేసేవారు ప్రతి 15-20 నిమిషాలకు ఓ గ్లాసు.. అంటే సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలని అమెరికాకు చెందిన వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తోంది. దాహం వేసేదాకా ఆగకూడదు. ఒకేసారి బాటిల్ మొత్తం తాగితే మళ్లీ వికారమే. గుక్కెడు గుక్కెడుగా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టర్‌ను అడగాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా, బాగా తగ్గినా అది హెచ్చరికే. పని చోట తాగునీరు అందుబాటులో ఉంచడం యాజమాన్యాల చట్టపరమైన బాధ్యత.

విరేచనాలు, వాంతులు అయితే ఓఆర్ఎస్ తాగాలి. తీపి డ్రింకులను ఓఆర్ఎస్ అనుకుని కొనొద్దు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత.. ప్రమాణాలకు సరిపోని డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ప్యాకెట్‌నే తీసుకుని, దానిపై చెప్పినన్ని నీళ్లలోనే కలపాలి.

ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకుని డ్యూటీకి వెళ్లే అలవాటు ఉంటే ఇంకా జాగ్రత్త. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు ఈ మాత్రలు కిడ్నీలపై మరింత భారం వేస్తాయి.

షుగర్, బీపీ మందులు వాడుతున్నారా?

ఈ ఇంజెక్షన్లతో మాత్రమే షుగర్ బాగా పడిపోవడం అరుదు. కానీ ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ముందునుంచే వాడుతుంటే ఆ ముప్పు పెరుగుతుంది. వాటి డోసు తగ్గించాలేమో మొదటి ఇంజెక్షన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి. చేతులు వణకడం, చల్లటి చెమట, కళ్లు తిరగడం, మాట తడబడటం.. ఇవి షుగర్ పడిపోతోందనడానికి గుర్తులు. మెషీన్ మీద, ఎత్తులో పనిచేస్తున్నప్పుడు ఇలా అనిపిస్తే వెంటనే పని ఆపి పక్కవారికి చెప్పాలి. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత షుగర్ చూసుకోవాలి. 70 కంటే తక్కువే ఉంటే మళ్లీ తీసుకోవాలి. జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంచుకోవడం మంచిది.

బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ వాడేవారు.. వాంతులు ఆగకపోతే ఆ రోజు ఏ మాత్ర వేసుకోవాలి, ఏది ఆపాలి అన్నది డాక్టర్‌ను ముందే అడిగి రాసిపెట్టుకోవాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

• కడుపు పైభాగంలో తగ్గని తీవ్రమైన నొప్పి, అది వీపులోకి పాకడం: పాంక్రియాస్ వాపు కావచ్చు.

• కుడి పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం: పిత్తాశయంలో రాళ్లు లేదా వాపు కావచ్చు.

• తాగిన నీళ్లు కూడా నిలవకుండా వాంతులు, మూత్రం రాకపోవడం, లేస్తే కళ్లు తిరగడం.

• కడుపు గట్టిగా ఉబ్బి, మలం, గ్యాస్ రెండూ ఆగిపోవడం.

• ఒక కంటి చూపు ఉన్నట్టుండి తగ్గడం. ఇది చాలా అరుదు. సెమాగ్లుటైడ్ వాడేవారిలో 10 వేల మందిలో ఒకరి వరకు ఇలా జరగవచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025 జూన్‌లో తేల్చింది.

• ముఖం, గొంతు వాపు, ఊపిరి ఆడకపోవడం.

వీటిలో ఏది కనిపించినా తర్వాతి డోసు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పాశమైలారం పరిసరాల్లో ఉన్నవారికి పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి, ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రి ఉన్నాయి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి. వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటున్న విషయం దాచకుండా చెప్పాలి. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు కూడా ఈ మాట చెప్పడం తప్పనిసరి.

ఎవరు వాడకూడదు?

మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు, కుటుంబంలో అది వచ్చినవారు, ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య సమస్య ఉన్నవారు వాడకూడదు. గర్భిణులకు ఇవ్వరు. పిల్లలు కావాలనుకునేవారు వెగోవీని కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మౌంజారో వాడే మహిళల్లో గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు. అందుకే మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు మరో పద్ధతి కూడా పాటించాలి. గతంలో పాంక్రియాస్ వాపు వచ్చినవారు ఆ విషయం ముందే చెప్పాలి.

ఎక్కడ కొనాలి.. ఎలా దాచాలి?

ఇవి డాక్టర్ చీటీతోనే కొనాల్సిన మందులు. జిమ్‌లో, వాట్సాప్‌లో తక్కువ ధరకు వస్తున్నాయని కొనొద్దు. నకిలీ ఓజెంపిక్ బ్యాచ్‌లపై డబ్ల్యూహెచ్‌ఓ 2024 జూన్‌లోనే ప్రపంచ దేశాలను హెచ్చరించింది. బిల్లు, బ్యాచ్ నంబర్ దాచుకోవాలి. అనుమానం ఉంటే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-599-6969కు, సైడ్ ఎఫెక్ట్స్ గురించి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్ 1800-180-3024కు ఫోన్ చేయవచ్చు.

మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకడితే పారేయాల్సిందే. ఫ్రిజ్ బయట కొన్ని రోజులు ఉంచే వీలున్నా అది 30 డిగ్రీల లోపు అయితేనే. రేకుల గదిలో, బైక్ డిక్కీలో ఎండాకాలం ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది. గదిలో ఫ్రిజ్ లేనివారు మందు కొనకముందే దీని గురించి ఆలోచించాలి.

ఆపేస్తే ఏమవుతుంది?

‘స్టెప్-1’లో పాల్గొన్నవారిని మందు ఆపాక ఏడాది పాటు గమనిస్తే.. తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. అంటే ఇది నెల రెండు నెలల కోర్సు కాదు. ఎంతకాలం వాడాలి, ఎంత ఖర్చవుతుంది, తన షిఫ్టులకు ఇది కుదురుతుందా లేదా అన్నది మొదటి ఇంజెక్షన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఆ మాటల్లో ఏం పని చేస్తారు, ఎంత వేడిలో చేస్తారు అన్నది కూడా తప్పక చెప్పాలి.

(గమనిక: ఈ సమాచారం కేవలం అవగాహన కోసమే. మందు మొదలుపెట్టాలన్నా, డోసు మార్చాలన్నా, ఆపాలన్నా తప్పనిసరిగా వైద్యుల సలహా తీసుకోండి.)