జవాబు చెప్పవలసినదెవరు? – కెంటకీ బడుల కథ

జవాబుదారీ అనే మాటలో ముందుగా వినిపించేది జవాబు. బడి విషయంలో జవాబు అనగానే మనకు పరీక్షాపత్రమూ, దాని మీద తల వంచుకుని వ్రాస్తున్న పిల్లవాడూ గుర్తుకు వస్తారు. కాని బడి బాగోగులకు మొట్టమొదట జవాబు చెప్పవలసినవాడు ఆ పిల్లవాడేనా? అతనికి పాఠం చెప్పే పంతులుగారా? లేక బడి నడుపుతానని రాజ్యాంగంలో మాట ఇచ్చిన ప్రభుత్వమా? ఈ ప్రశ్నను ఒక న్యాయస్థానం సూటిగా అడిగి, సూటిగానే తేల్చిన సందర్భం అమెరికా చరిత్రలో ఒకటుంది. కెంటకీ రాష్ట్రంలో 1989లో వచ్చిన ఆ తీర్పును గురించీ, దాని నుండి 1990లో పుట్టిన చట్టాన్ని గురించీ, ఆ చట్టం తరువాతి రోజుల్లో నడిచిన దారిని గురించీ ఈ టపాలో వ్రాస్తున్నాను.

ముందు కొంత నేపథ్యం అవసరం. అమెరికా సమాఖ్య రాజ్యాంగంలో విద్య ప్రస్తావనే లేదు. బడులు రాష్ట్రాల బాధ్యత. దాదాపు ప్రతి రాష్ట్రమూ తన భూభాగాన్ని పాఠశాల జిల్లాలుగా విభజించుకుంది. వీటిని మన రెవెన్యూ జిల్లాలతో పోల్చకూడదు. చాలాచోట్ల ఇవి మన మండలమంతే ఉంటాయి. చాలా జిల్లాలకు ఒక పాఠశాల బోర్డు, దానికి సొంత పన్ను ఉంటాయి. ఆ పన్ను ప్రధానంగా ఇళ్ళ మీదా, భూముల మీదా పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఖరీదైన ఇళ్ళున్న ఊరికి చిన్న రేటుతోనే బోలెడు సొమ్ము వస్తుంది. తూర్పు కెంటకీ కొండల్లోని బొగ్గుగనుల ప్రాంతంలో ఎంత రేటు వేసినా వచ్చేది స్వల్పమే. దానికి తోడు ఆ కొండ ప్రాంతాల్లో బడిని మించిన ఉద్యోగదాత అరుదు. అందువల్ల బోర్డు సభ్యుల బంధువులకూ, అనుచరులకూ ఉద్యోగాలివ్వడం అక్కడి రాజకీయాలలో భాగమైపోయింది. చదువుకు సంబంధించిన జాతీయ లెక్కలలో కెంటకీ అట్టడుగు వరుసల్లో ఉండేది.

1985లో 66 బీద పాఠశాల జిల్లాలు ఒక సంఘంగా ఏర్పడి రాష్ట్రం మీద దావా వేశాయి. వారి తరపున వాదించినవాడు బర్ట్ కూంబ్స్. ఆయన మాజీ గవర్నరు, తూర్పు కొండల బిడ్డ. 1960లో గవర్నరుగా ఉన్నప్పుడు రాష్ట్రంలో 3 శాతం అమ్మకపు పన్ను తెచ్చిన మనిషి. ఆయనకు ఆధారంగా దొరికింది 1891 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోని 183వ అధికరణం. రాష్ట్రమంతటా సమర్థమైన ప్రజా పాఠశాలల వ్యవస్థను శాసనసభ ఏర్పరచాలన్నది దాని సారాంశం. సుమారు వందేళ్ళపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ ఒక్క వాక్యం మీద కేసంతా నిలిచింది. సమర్థమైన అంటే ఏమిటి? పిల్లలకు ఏమి అందితే ఆ మాట నెరవేరినట్టు?

1988లో కింది కోర్టు న్యాయమూర్తి రే కార్న్స్ బీద జిల్లాల పక్షాన తీర్పు చెప్పాడు. ప్రభుత్వ పక్షం అప్పీలుకు వెళ్ళింది. 1989 జూన్ 8న రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ స్టీఫెన్స్ వ్రాసిన తీర్పు వెలువడింది. జిల్లాలు అడిగింది నిధుల పంపకం సరిచేయమని. కోర్టు ఇచ్చింది అంతకన్నా చాలా పెద్దది. నిధుల సూత్రం ఒక్కటే కాదు, పాఠశాల బోర్డులు, విద్యాశాఖ, ఉపాధ్యాయుల అర్హతాపత్రాల నియమాలు, ఇలా మొత్తం వ్యవస్థే రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించింది. విద్య ప్రతి బిడ్డకూ మౌలికమైన హక్కు అన్నది. చదువు ముగిసేసరికి పిల్లలకు అబ్బవలసిన ఏడు సామర్థ్యాలను పేర్కొన్నది. చక్కగా మాట్లాడడం, వ్రాయడం వచ్చి ఉండాలి. ఆర్థిక, సామాజిక, రాజకీయ వ్యవస్థలు తెలియాలి. ప్రభుత్వం ఎలా నడుస్తుందో అర్థం కావాలి. తన శరీరాన్నీ మనసునూ చక్కబెట్టుకునే ఎరుక ఉండాలి. కళలతో పరిచయం ఉండాలి. పై చదువుకో, వృత్తికో తగిన తరిఫీదు కావాలి. పొరుగు రాష్ట్రాల పిల్లలతో పోటీపడగల శక్తి రావాలి. 1993లో మసాచుసెట్స్ సుప్రీంకోర్టు తన తీర్పులో ఈ జాబితానే ఆదర్శంగా తీసుకుంది.

నాకు ఈ తీర్పులో అన్నిటికన్నా గొప్పగా తోచేది వేలు చూపిన దిశ. స్థానిక బోర్డుల మీద నెపం నెట్టి తప్పుకునే వీలు లేకుండా, ఈ బాధ్యత శాసనసభదేనని, అది ఒక్కదానిదేనని కోర్టు చెప్పింది. అంటే ప్రమాణం పెట్టింది పిల్లవాడికి కాదు, శాసనసభకు. ఆ పరీక్షలో శాసనసభ తప్పింది. మళ్ళీ వ్రాసుకోవడానికి కోర్టు దానికి గడువు కూడా ఇచ్చింది.

1990 ఏప్రిల్ 11న గవర్నరు వాలెస్ విల్కిన్సన్ సంతకంతో కెంటకీ విద్యా సంస్కరణ చట్టం వచ్చింది. అమ్మకపు పన్ను 5 శాతం నుండి 6కు పెరిగింది. బీద జిల్లాలకు ఎక్కువ అందేటట్టు నిధుల సూత్రం మారింది. బంధువులకు ఉద్యోగాలిచ్చే ఆనవాయితీకి అడ్డుకట్ట పడింది. ప్రతి బడిలోనూ ప్రధానోపాధ్యాయుడు, ముగ్గురు ఉపాధ్యాయులు, ఇద్దరు తల్లిదండ్రులతో ఒక సమితి ఏర్పడే వీలు కలిగింది. పేద కుటుంబాలకు చేయూతనిచ్చే కేంద్రాలు బడుల వద్ద వెలిశాయి. ఇదంతా ప్రభుత్వం చెప్పిన జవాబు. దీనికి బదులుగా బడులు కూడా జవాబు చెప్పాలన్నది చట్టంలో రెండవ సగం.

ఆ రెండవ సగం పనిచేసిన తీరు చెప్పకపోతే కథ అర్థం కాదు. 1992 నుండి 4, 8, 12 తరగతుల పిల్లలకు కొత్త పరీక్షలు పెట్టారు. పిల్లలు ఏడాది పొడుగునా వ్రాసిన వ్యాసాలు, కథల సంకలనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. విద్యార్థులను కొత్తవారు, నేర్చుకుంటున్నవారు, నేర్పరులు, విశిష్టులు అని నాలుగు మెట్లుగా విభజించి, ఆ మెట్లకు వరుసగా 0, 40, 100, 140 అంకెలిచ్చారు. ప్రతి బడి సగటూ ఇరవై ఏళ్ళలో 100కు చేరాలి. రెండేళ్ళకొకసారి ఆ దూరంలో పదవ వంతు నడవాలి. ఉదాహరణకు 40తో మొదలైన బడికి 60 అంకెల దూరం ఉన్నట్టు. మొదటి రెండేళ్ళలో అది 46కు చేరాలి. లక్ష్యం దాటిన బడికి నగదు బహుమతి. బాగా దిగజారిన బడిని సంక్షోభంలో ఉన్నదిగా ప్రకటించి, పైనుండి ఒక నిపుణుడిని పంపడం, ఉపాధ్యాయుల ఉద్యోగాలను పరిశీలనలో ఉంచడం శిక్ష. ఇందులో ఒక మెచ్చుకోదగ్గ గుణం ఉంది. బడిని పక్క ఊరి బడితో కాక, దాని నిన్నటి స్థితితోనే పోల్చారు.

అయినా అంకెకు డబ్బు కట్టగానే అంకె స్వభావం మారుతుంది. రాష్ట్ర పరీక్షలో మార్కులు వేగంగా పెరిగాయి. కాని బడులకు ఏ బహుమతీ ముడిపడని జాతీయ పరీక్షలో అదే కాలంలో 4వ తరగతి పఠనం దాదాపు కదలలేదు. ఈ తేడాను 1998లో డేనియల్ కోరెట్జ్, షీలా బారన్‌ల అధ్యయనం వివరంగా చూపింది. పిల్లల వ్రాతల సంకలనాలకు మార్కులు వేసేది వాళ్ళ సొంత పంతుళ్ళే కావడంతో అక్కడా ఉదారత్వం కనిపించింది.

ఇది కెంటకీలో పుట్టిన జబ్బు కాదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో తెచ్చిన నియమావళి ప్రకారం, ఇన్‌స్పెక్టరు పిల్లలను ఒక్కొక్కరినే చదువులో, వ్రాతలో, లెక్కల్లో పరీక్షించి, ఎందరు గట్టెక్కితే బడికి అంత గ్రాంటు ఇచ్చేవారు. ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన కవి మాథ్యూ ఆర్నాల్డ్, చదువు యాంత్రికమైపోతున్నదని తన నివేదికల్లో మొత్తుకున్నాడు. ఫలితాన్ని బట్టి గ్రాంటు అనే ఆ పద్ధతే మద్రాసు రాజధానికీ వచ్చి, అందులో భాగమైన మన తెలుగు జిల్లాల వీధిబడుల దాకా ప్రాకింది. అంకెకు సొమ్ము ముడిపెడితే ఏమవుతుందో లోకం ఒకసారి చూసే ఉన్నది.

కెంటకీ శాసనసభ 1998లో ఆ పరీక్షను మార్చి వేరొకటి తెచ్చింది. 2002లో సమాఖ్య ప్రభుత్వం 'ఏ బిడ్డనూ వెనుక వదలరాదు' అనే చట్టంతో అన్ని రాష్ట్రాలకూ ఏటేటా పరీక్షలు విధించింది. 2009లో కెంటకీ రెండవ పరీక్షా పోయింది. పరీక్షల పేర్లు మారాయి, అవి చూసే దిశ మాత్రం మారలేదు: పైనుండి కిందికి.

చట్టం విఫలమైందని నేను అనడం లేదు. ధనిక, బీద జిల్లాల మధ్య వ్యయంలో తేడా బాగా తగ్గింది. 2009 నాటికి జాతీయ పరీక్షలో 4వ తరగతి పఠనంలో కెంటకీ దేశ సగటును దాటింది. కొలత అనవసరమని కూడా అనను. కొలత లేని రోజుల్లో ఆ కొండల పిల్లలు నిశ్శబ్దంగా వెనకబడిపోయారు, ఎవరికీ పట్టలేదు.

నన్ను కలవరపెట్టేది వేరొక సంగతి. 2003లో పాఠశాల జిల్లాల అదే సంఘం మళ్ళీ కోర్టుకెక్కింది. శాసనసభ తన వంతు నిధులు ఇవ్వడం లేదని, పెట్టిన ప్రమాణాలకు తగిన సొమ్ము ఏదని అడిగింది. 2007లో కోర్టు ఆ దావాను కొట్టివేసింది. ఎంత ఇవ్వాలో తేల్చడం శాసనసభ పని, అందులో తాము జోక్యం చేసుకోలేమన్నది. 1989లో తెరుచుకున్న తలుపు పద్దెనిమిదేళ్ళకు మూసుకుంది. ఈలోగా బడులకు, పంతుళ్ళకు, పిల్లలకు పరీక్షలు ఒక్క ఏడూ ఆగలేదు.

ఒప్పందంలో రెండు సగాలున్నప్పుడు, బలహీనుల వంతు చట్టమై మిగిలి, బలవంతుల వంతు దయగా మారిపోవడం చరిత్రలో తరచు జరిగేదే. కెంటకీ కథ విలువ, ఒక్కసారైనా అలా కాకుండా జరిగిందని చూపడంలో ఉంది. బడి ప్రమాణాల పేరుతో ఎక్కడ ఏ చట్టం వచ్చినా నేను మొదట వెదికేది ఒక్కటే: ఇందులో జవాబుపత్రం ఎవరి చేతికిచ్చారు? శాసనసభ బల్లమీద కూడా ఒకటి పెట్టారా?