చిన్నబండి ఫొటోల్లో ఎవరున్నారు?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మీదుగా నడిచిన చిన్నబండి (ఇరుకు పట్టాల రైలు) ఫొటోలు వెతికితే బాగానే దొరుకుతున్నాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి వెంటనే తెలిసిపోతుంది. దాదాపు అన్నింటిలోనూ ఉన్నది ఇంజనే. ఒకచోట పొగ కక్కుతూ, ఒకచోట తొట్టిలోకి నీళ్లు పట్టుకుంటూ, మరోచోట గుట్ట పక్కన ఒంటరిగా నిలబడి ఇంజనే కనిపిస్తుంది. స్టేషనూ, జనమూ ఉంటే అంచుల్లో ఉంటారు, అదీ సగం సగం.

దీనికి కారణం తెలిసిందే. ఆ ఫొటోలు తీసినవాళ్లు సంత కోసమో, కోర్టు పనిమీదో బండెక్కినవాళ్లు కారు. 1970, 80లలో ప్రపంచమంతటా ఆవిరి ఇంజన్లు మూలపడుతుంటే, ఇంకా ఎక్కడ నడుస్తున్నాయో వాకబు చేసుకుంటూ వచ్చిన రైలు పిచ్చివాళ్లు. వాళ్లలో విదేశీయులు చాలామంది. వాళ్లకు అది అపురూపం. టెక్కలి వాళ్లకు మాత్రం రోజూ కూత పెట్టుకుంటూ పోయే బండి. రోజూ ఇంటిముందు నుంచి పోయేదాన్ని ఎవరు ఫొటో తీస్తారు? పైగా ఆ రోజుల్లో ఫిల్ము రీలు కొంటే అది పెళ్లికో, బారసాలకో సరిపోవాలి.

ఆ బండి వెనక కథ ఇది. 1893-96 మధ్య తూర్పు తీరం వెంబడి బెజవాడ నుంచి కటకం దాకా పెద్ద లైను పడింది. దారిలో నౌపడకు స్టేషన్ వచ్చింది. పర్లాకిమిడి మాత్రం అక్కడి నుంచి 25 మైళ్లు లోపలికి ఉండిపోయింది. ఊరికి రాజ్యం ఉంది, కోట ఉంది, రైలు లేదు. రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ ప్రభుత్వం వేసేదాకా ఆగలేదు. సుమారు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో తానే లైను వేయించుకున్నాడు. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే మొదలైంది. పట్టాల మధ్య దూరం (గేజి) రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. పక్కనే నౌపడలో ఆగే మెయిలుబండి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. ఈ తేడాయే ఆ రైలు పుట్టుకకు కారణం, దాని చావుకూ కారణం. వెడల్పు తక్కువైతే ఖర్చు తక్కువ, కానీ పెద్ద లైను డబ్బాలు దానిమీద నడవవు.

రాజుగారి రైలు గనక డబ్బులు కురిశాయనుకుంటే పొరపాటే. మొదటి పదేళ్లు నష్టాలతోనే గడిచాయి. 1910 తర్వాతే కొద్దికొద్దిగా మిగులు కనిపించింది. అయినా పర్లాకిమిడి దగ్గరే ఆగిపోలేదు. కృష్ణచంద్ర గజపతి హయాంలో లైను కొండవైపు పాకి, 1929, 1931లలో రెండు దఫాలుగా గుణుపూర్ చేరింది. దాంతో నౌపడ నుంచి గుణుపూర్ దాకా మొత్తం 90 కిలోమీటర్లయింది. ఇంజన్లలో కొన్ని ఇంగ్లండ్‌లోని స్టోక్ నగరంలో కెర్ స్టూవర్ట్ అనే కంపెనీలో తయారై వచ్చేవి. ఆ కంపెనీ 1930లో మూతపడింది. దాని ఇంజన్లు మాత్రం వంశధార పక్కన ఇంకా దశాబ్దాల పాటు బొగ్గు తింటూ తిరిగాయి.

నౌపడ సంగతి వేరే చెప్పుకోవాలి. అది ఉప్పు ఊరు. స్టేషన్ దాటగానే మళ్లు, మళ్ల గట్లమీద తెల్లటి కుప్పలు. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఇక్కడి మళ్లలోనూ జరిగింది. చిన్నబండి ఇక్కడే మొదలయ్యేది, పెద్దబండి ఇక్కడే ఆగేది. మధ్యలో ఉన్న చోటు మనుషుల వీపులదీ, నెత్తులదీ. ఒక గేజి డబ్బాలోంచి దింపిన బస్తా మళ్లీ ఇంకో గేజి డబ్బాలోకి ఎక్కాలి. ప్రయాణికులూ అంతే. మెయిలు ఆలస్యమైతే చిన్నబండి ఆగుతుందా, పోతుందా అన్న బెంగ అందరిదీ. "చిన్నబండి ఎల్లిపోనాదేటి?" అని అడుగుతూ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పరిగెత్తిన వాళ్ల గురించి ఇప్పటికీ పెద్దవాళ్లు నవ్వుతూ చెబుతారు. ఆ పరుగు ఏ విదేశీ కెమెరాకూ చిక్కలేదు. ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు అటువైపు తిరిగి ఉన్న కెమెరాకు ఇటువైపు జరిగేది కనిపించదు కదా.

పైకి పోయే బండిలో ఉప్పు, ఎండుచేపలు. కిందికి వచ్చే బండిలో చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు. గుణుపూర్ వైపు సవరల పల్లెలు ఎక్కువ. వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే బడిపంతులు. ఆయన సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది 1931లో, చిన్నబండి గుణుపూర్ చేరిన ఏడే. ఒకటి ఇనుప పట్టాల మీద, ఒకటి కాగితం మీద ఆ కొండల్లోకి దారి వేశాయి. గిడుగు వారి దారి కోసం ముప్పై ఏళ్లకు పైగా చాకిరీ జరిగిందన్నది మాత్రం మరవకూడదు.

ఆ తర్వాత అయిదేళ్లకే లైను రెండు ముక్కలైంది. పట్టాలు తెగలేదు, మ్యాపు తెగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం, ఎస్టేటులో ఒక భాగం అటు పోయాయి. పాతపట్నం, టెక్కలి ఇటు మద్రాసులో ఉండిపోయాయి. గంజాం జిల్లా నుంచి విశాఖపట్నం జిల్లాకు మారాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చాయి. పర్లాకిమిడి పోవడం గిడుగు వారు తట్టుకోలేకపోయారు. ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. బండికి మాత్రం ఈ గొడవలేవీ పట్టలేదు. నౌపడ, టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం దాటి యథాప్రకారం పర్లాకిమిడిలో ఆగేది. పాతపట్నంలో ఎక్కి పర్లాకిమిడిలో దిగితే ఇవాళ్టి లెక్కలో రాష్ట్రం మారినట్టు. అప్పటి లెక్కలో ఒక ఏరు దాటి బజారుకెళ్లినట్టు. వియ్యాలు, బట్టల కొట్లు, డాక్టర్లు, సినిమా హాళ్లు అన్నీ అటూ ఇటూ కలిసే ఉండేవి. రాజకీయం గీసిన గీతను రోజూ చెరిపేసిన వాళ్లెవరయ్యా అంటే చిన్నబండి ప్రయాణికులే.

ఈ ప్రయాణాలకు సాక్ష్యం టికెట్టు. ఇప్పటి పలచటి కాగితం కాదు. రెండుంపావు అంగుళాల పొడవు, ఒకటింబావు కన్నా కాస్త తక్కువ వెడల్పున్న దళసరి అట్టముక్క. ఇంగ్లండ్‌లో ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టరు కనిపెట్టిన పద్ధతి అది. ఊళ్ల పేర్లు, తరగతి, ధర ముందే అచ్చయి ఉండేవి. రెండు కొసల్లోనూ ఒకటే వరస నంబరు. కిటికీ లోపల గుమాస్తా దాన్ని అరలోంచి తీసి ఇనుప యంత్రం నోట్లో దూర్చి లాగితే టక్కుమని తేదీ పడేది. అక్షరాల మీద సిరా కన్నా నొక్కిన గుంత ఎక్కువ, వేలితో తడిమితే తెలిసేది. దారిలో టీసీ కత్తెరతో అంచున గాటు పెట్టేవాడు. దిగినచోట గేటు దగ్గర ఇచ్చెయ్యాలి. అందుకే వేలమంది రోజూ కొన్నా ఇళ్లలో మిగిలినవి చాలా తక్కువ. ఎవరి పెట్టెలోనైనా ఒకటి కనబడితే, ఆ మనిషి టికెట్టు ఇవ్వకుండా గేటు దాటాడనే అర్థం. దొంగచాటుగా దాటినవాళ్ల వల్లే చరిత్రకు ఆ కాస్తా మిగిలింది.

బండి నెమ్మది మీద వెటకారాలకు లెక్కలేదు. దిగి జామకాయ కోసుకుని మళ్లీ ఎక్కొచ్చని, పెళ్లికి బయల్దేరితే బారసాలకు చేరతామని. ఇలాంటివి దేశంలో ప్రతి చిన్న లైనుకీ ఉన్నాయి కనక అవి వదిలెయ్యొచ్చు. అసలు సంగతి అది లైట్ రైల్వే. తేలిక పట్టాలు, తేలిక ఇంజన్లు, ఖర్చు తగ్గించడానికి నేల ఎలా ఉంటే అలా తిప్పిన మలుపులు. ఆ మలుపుల్లో వేగం పెంచితే పట్టాలు తప్పడమే. డ్రైవర్లు బద్ధకస్తులు కారు, జాగ్రత్తపరులు.

రోడ్లు బాగుపడి బస్సులు పెరిగేసరికి ఆ జాగ్రత్తకు గిరాకీ తగ్గింది. 1990ల మొదట్లో ఆవిరి పోయి డీజిల్ వచ్చింది. దేశమంతా ఒకటే గేజి ఉండాలన్న విధానం 1992లో మొదలైంది. 1994లో ఎన్టీ రామారావు హిందూపురంతో పాటు టెక్కలి నుంచీ గెలిచి, తర్వాత టెక్కలిని వదులుకున్నారు. అంత పెద్ద పేరు ఊరికి అంటిన ఆ రోజుల్లోనూ టెక్కలి స్టేషన్‌లో ఆగే బండి రెండున్నర అడుగుల బండే. 2002 సెప్టెంబరులో గేజి మార్పిడికి శంకుస్థాపన చేశారు. 2004 జూన్ 9తో చిన్నబండి ఆగిపోయింది. తర్వాత ఆరేళ్ల పాటు ఈ ఊళ్లకు అసలు రైలే లేదు. ఉన్నది పీకేసిన తర్వాత కొత్తది వేసేలోపు ఒక తరం పిల్లలు బస్సులకు అలవాటుపడిపోయారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా పెద్ద బండి వచ్చింది. ఇప్పుడు ఎక్కితే నౌపడలో బండి మారక్కర్లేదు. అది నిజంగా సుఖమే. చిన్నబండి మీద బెంగతో ఆ సుఖాన్ని కాదనేవాళ్లు ఆ రోజుల్లో పసిపిల్లను చంకనేసుకుని నౌపడ ప్లాట్‌ఫాం మీద మెయిలు కోసం పడిగాపులు కాసి ఉండరు.

చిన్నబండి ఇంజన్లు చూడాలంటే పూరీ వెళ్లొచ్చు. అక్కడి స్టేషన్ దగ్గర తూర్పు కోస్తా రైల్వే పెట్టిన మ్యూజియంలో పర్లాకిమిడి లైను సామాను నిలబెట్టారు. రంగులేసి, శుభ్రంగా ఉంచారు. మళ్లీ ఇంజన్లే. టికెట్టు కిటికీ లేదు, ఉప్పు బస్తా లేదు, గేటు దగ్గర టీసీ లేడు.

అందుకని ఈ ఊళ్ల చరిత్ర రాయబోయేవాళ్లు పాత ఫొటోలను తలకిందులుగా చదవాలి. ఇంజన్‌ను పక్కన పెట్టి, అంచులు చూడాలి. నీడ ఎటు పడిందో చూస్తే పొద్దుటి బండో, సాయంత్రం బండో తెలుస్తుంది. వెనక మహేంద్రగిరి వరస కనిపిస్తే కెమెరా ఉత్తరానికి తిరిగి ఉన్నట్టు. అప్పుడు ప్లాట్‌ఫాం ఏ వైపున ఉండేదో చెప్పొచ్చు. దీని మీద టెక్కలి పెద్దల్లో వాదం ఉంది. ఇద్దరు పెద్దమనుషులు టీకొట్టు బల్లమీద వేలితో లైను గీసి, చెరిపి, మళ్లీ గీస్తారు. ఫొటో మూలన కనిపించే గోచీకట్టు మనిషి నెత్తిన ఉన్నది బుట్టో, బస్తానో చూసి అతను ఎక్కేవాడో, మోసేవాడో తేలుస్తారు. బోగీ తలుపు దగ్గర చీర చెంగు పట్టుకుని నిలబడిన ఆడమనిషి ఎవరి పెద్దమ్మో పోల్చడానికి ఫోన్లో పెద్దది చేసి చూస్తారు. మొహం చెదిరిపోతుంది, కట్టు చూసి ఊరు చెబుతారు.

ఊరివాళ్లు తీయించుకున్న స్టేషన్ ఫొటోలు లేకపోలేదు. వాటిని రైలు ఫొటోలని ఎవరూ అనుకోలేదు, అంతే. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఇళ్లలో అట్ట ఆల్బములు ఉన్నవాళ్లు చివరి పేజీలు చూడాలి. అప్పగింతల ఫొటోలు సాధారణంగా అక్కడే ఉంటాయి. వాటిలో పెళ్లికూతురు ఏడుస్తున్నచోటు కొన్నిసార్లు ఇల్లు కాదు, చిన్నబండి బోగీ మెట్టు.