తవుడు విలువ తెలిసిన తీరు

వడ్లు మరపట్టినప్పుడు మొదట ఊక ఊడుతుంది. తర్వాత బియ్యానికి అంటుకుని ఉన్న గోధుమరంగు పొర రాలి తవుడవుతుంది. వంద కిలోల వడ్లకు 8 నుంచి 10 కిలోల తవుడు వస్తుంది. తరతరాలుగా అది పశువుల కుడితిలోకే పోయేది. అందులో మందు కూడా ఉందని తేలడానికి బెరిబెరి అనే జబ్బు కారణమైంది.

బెరిబెరి సోకితే కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి. కొందరికి ఒళ్లంతా నీరు పట్టి, చివరకు గుండె ఆగిపోతుంది. ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువారికి ఇది ఎరిగిన జబ్బే. జాన్ గ్రాంట్ మాల్కంసన్ దీనిపై రాసిన గ్రంథం 1835లో మద్రాసులో వెలువడింది. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు.

ఆచూకీ జావాలో దొరికింది. బటావియాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ ప్రయోగశాలలోని కోళ్లు కాళ్లు చచ్చుబడి కూలబడసాగాయి. సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నమే వాటి మేత. కొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నం కోళ్లకు పెట్టనన్నాడు. పాలిష్ పట్టని బియ్యం వేయగానే అవి కోలుకుని మళ్లీ నడిచాయి. తెల్ల బియ్యపు పిండిలో విషముందని, పైపొర దానికి విరుగుడని ఐక్మన్ అనుకున్నాడు. పైపొరతోపాటు ఒంటికి అవసరమైన పదార్థమేదో పోతోందని 1901లో గెరిట్ గ్రైన్స్ సరిదిద్దాడు.

ఆ పదార్థం కోసం శాస్త్రవేత్తలు తవుడును వడగట్టసాగారు. 1910లో టోక్యోలో ఉమెతారో సుజుకి దాని సారాన్ని తీశాడు. వరి శాస్త్రీయ నామమైన ఒరైజాను బట్టి దానికి ఒరైజనిన్ అనే పేరు వచ్చింది. 1912లో కాసిమిర్ ఫంక్ ఇలాంటి పదార్థాలకు విటమిన్ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. 1926లో జావాలో యాన్సెన్, డోనాత్‌లు తవుడు నుంచి శుద్ధమైన స్ఫటికాలు రాబట్టారు. అదే బి1 విటమిన్, థయామిన్. 1936లో రాబర్ట్ విలియమ్స్ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేయడంతో, ఆ మందు కోసం తవుడు మీద ఆధారపడే అవసరం తీరింది.

మిగిలింది నూనె. తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది. అయితే మరాడగానే లైపేజ్ అనే ఎంజైము దాన్ని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. బస్తాలో నిలవ ఉంచిన తవుడు కొద్ది రోజులకే ముక్కవాసన వేసి చేదెక్కుతుంది. అలాంటి తవుడు నూనె సబ్బులకే పనికొచ్చేది. తవుడుకు వెంటనే ఆవిరి పట్టించి, హెక్సేన్ అనే ద్రావణితో నూనె తీయడం అలవాటయ్యాక అది వంటింటికి చేరింది. కొలెస్టరాల్‌ను తగ్గించే ఒరైజనాల్‌ను 1950లలో జపాన్ శాస్త్రవేత్తలు ఈ నూనెలోనే గుర్తించారు. నూనెలోని జిగురును ఎంజైములతో తొలగించే పద్ధతిని హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ రూపొందించింది.

ఉప్పుడు బియ్యం ఈ కథలోని రెండు పాయలనూ కలుపుతుంది. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు థయామిన్ గింజ లోపలికి ఇంకుతుంది. అందుకే ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి అరుదు. బెరిబెరి ఎరిగిన సర్కారు జిల్లాల్లో వాడకం పచ్చి బియ్యానిదే. వడ్లు ఉడికించిన వేడికి లైపేజ్ కూడా చచ్చిపోతుంది కాబట్టి ఉప్పుడు తవుడు తొందరగా చెడదు. నూనె తీయగా మిగిలిన తవుడు నేడు పశువుల దాణాలో కలుస్తోంది, కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో చేపలకు మేతవుతోంది.