విమాన ప్రయాణంలో లేజర్ పాయింటర్

లేజర్ పాయింటర్ అనగా బ్యాటరీతో పనిచేస్తూ, సన్నని తీవ్రమైన కాంతిపుంజాన్ని వెలువరించే చేతి పరికరం. దీనిని వాడుకలో లేజర్ లైటు, లేజర్ పెన్ను అని కూడా అంటారు. తరగతి గదులలోను, సభలలోను తెరపై ఒక అంశాన్ని చూపించడానికి ఇది ఉపయోగపడుతుంది. ఈ పరికరాన్ని విమానంలో తీసుకువెళ్ళడం ఒక విషయం కాగా, దిగిన దేశంలో దానిని కలిగి ఉండడం వేరొక విషయం. బయలుదేరిన ఊరిలో అంగట్లో స్వేచ్ఛగా దొరికే పరికరమే చేరుకున్న దేశంలో నిషిద్ధ వస్తువు కావచ్చును. అలాగే, ఎక్కడి నుండి అయినా దీనిని ఎగురుతున్న విమానంపైకి ప్రసరింపజేయడం పైలట్ల చూపునకు, తద్వారా ప్రయాణికుల ప్రాణాలకు ప్రమాదకరం.

పరికరం, తరగతులు

మొట్టమొదటి లేజర్‌ను 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ పనిచేయించాడు. తరువాతి కాలంలో అర్ధవాహక డయోడ్లు చౌకగా లభించడంతో జేబులో పట్టే లేజర్లు వ్యాప్తిలోకి వచ్చాయి. ఎర్రని పాయింటర్ల తరంగదైర్ఘ్యం సాధారణంగా 635 నుండి 670 నానోమీటర్లు, ఆకుపచ్చ వాటిది 532 నానోమీటర్లు, ఊదా రంగు వాటిది 405 నానోమీటర్లు ఉంటుంది. మానవ నేత్రం పగటి వెలుగులో 555 నానోమీటర్ల వద్ద అత్యంత సున్నితంగా ఉంటుంది. అందువలన ఒకే శక్తి గల రెండు పాయింటర్లలో ఆకుపచ్చది ఎర్రదానికంటే ఎంతో ప్రకాశవంతంగా కనిపిస్తుంది.

కంటికి కలిగించే హానిని బట్టి లేజర్లను తరగతులుగా విభజించారు. దృశ్యకాంతిని నిరంతరంగా వెలువరించే పరికరాలకు సంబంధించిన ముఖ్యమైన తరగతులు ఇవి:

* 2వ తరగతి: 1 మిల్లీవాట్ వరకు. రెప్పపాటు సహజంగా కంటికి రక్షణ ఇస్తుంది.
* 3ఆర్ తరగతి: 5 మిల్లీవాట్ల వరకు.
* 3బి తరగతి: 500 మిల్లీవాట్ల వరకు. నేరుగా కంట పడితే హాని జరుగుతుంది.
* 4వ తరగతి: 500 మిల్లీవాట్లకు పైన. చర్మాన్ని కాల్చగలదు, నిప్పు అంటించగలదు.

పరికరంపై అంటించిన చీటీని పూర్తిగా నమ్మడానికి వీలులేదు. అమెరికాలోని జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 122 పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలను ప్రకటించింది. ఆకుపచ్చ పాయింటర్లలో దాదాపు 90 శాతం, ఎర్ర పాయింటర్లలో దాదాపు 44 శాతం భద్రతా నిబంధనలకు లోబడి లేవని అందులో తేలింది. ఆకుపచ్చ పాయింటర్లలో మొదట కంటికి కనిపించని పరారుణ కాంతి ఉత్పత్తి అయి, స్ఫటికాల ద్వారా ఆకుపచ్చ కాంతిగా మారుతుంది. చౌక పరికరాలలో పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్ లేకపోతే అది కూడా బయటకు వస్తుంది.

విమానాలకు కలిగే ప్రమాదం

లేజర్ కాంతి ఎంత సన్ననిదైనా దూరం వెళ్ళే కొలదీ విస్తరిస్తుంది. సాధారణ పాయింటర్ కాంతి 1 కిలోమీటరు దూరంలో సుమారు 1 మీటరు వెడల్పు గల మచ్చగా మారుతుంది. అందుచేత కదులుతున్న విమానానికి దానిని గురి చూడడం కష్టమేమీ కాదు. కాక్‌పిట్ అద్దంపై పడిన కాంతి అక్కడి గీతల వలన, ధూళి వలన చెదిరి, అద్దం మొత్తం వెలిగినట్లు కనిపిస్తుంది. రాత్రివేళ చీకటికి అలవాటుపడిన పైలట్ కళ్ళకు రన్‌వే దీపాలు కొన్ని క్షణాలపాటు కనబడవు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమానాశ్రయాల చుట్టూ మూడు రక్షణ మండలాలను నిర్దేశించింది. రన్‌వేకు సమీపంలోని మొదటి మండలంలో కాంతి తీవ్రత చదరపు సెంటీమీటరుకు 50 నానోవాట్లను మించరాదు. రెండవ మండలంలో 5 మైక్రోవాట్లు, మూడవ మండలంలో 100 మైక్రోవాట్లు పరిమితి. రెండవ మండలం విమానాశ్రయ కేంద్రబిందువు నుండి 18,500 మీటర్ల వరకు వ్యాపిస్తుంది.

5 మిల్లీవాట్ల పాయింటర్‌తో ఈ పరిమితులను లెక్కవేస్తే, సుమారు 80 మీటర్ల లోపు తాత్కాలికంగా చూపు పోవడం, సుమారు 350 మీటర్ల వరకు కళ్ళు మిరుమిట్లు గొలపడం, సుమారు 3.5 కిలోమీటర్ల వరకు దృష్టి మరలడం జరుగవచ్చును. విమానం దిగేటప్పుడు సాధారణంగా 3 డిగ్రీల వాలుతో క్రిందికి వస్తుంది. ఈ లెక్కన రన్‌వేకు 2 కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు సుమారు 100 మీటర్లు మాత్రమే. పైలట్‌కు చూపు అత్యవసరమైన ఆ సమయంలోనే విమానం డాబాలకు, పొలాలకు అతి దగ్గరగా ఉంటుంది.

కొన్ని సంఘటనలు

2008 మార్చిలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విమానాశ్రయం వద్ద కొందరు ఒకేసారి లేజర్లను ప్రయోగించగా, దిగవలసిన విమానాల మార్గాన్ని మార్చవలసి వచ్చినది. 2016 ఫిబ్రవరి 14న లండన్ నుండి న్యూయార్కుకు బయలుదేరిన విమానంపై లేజర్ కాంతి పడి, పైలట్‌లలో ఒకరు అస్వస్థులు కావడంతో విమానం లండన్‌కు తిరిగి వచ్చినది. భారతదేశంలో 2024 ఫిబ్రవరిలో కోల్‌కతాలోను, 2025 మే నెలలో చెన్నైలోను దిగుతున్న విమానాలపై లేజర్ కాంతి పడిన సంఘటనలు జరిగాయి. అమెరికాలో 2023వ సంవత్సరంలోనే ఇటువంటి ఫిర్యాదులు 13,304 నమోదయ్యాయి.

సామానులో తీసుకువెళ్ళడం

విమానంలోనికి అనుమతించే వస్తువుల విషయంలో తుది నిర్ణయం తనిఖీ చేసే భద్రతా సిబ్బందిది. తక్కువ శక్తి గల పాయింటర్‌ను అమెరికాలో చేతి సంచిలోను, సరుకుగా ఇచ్చే పెట్టెలోను కూడా అనుమతిస్తారు. అన్ని దేశాలలోను, అన్ని విమాన సంస్థలలోను ఇదే పద్ధతి ఉండదు కనుక ముందుగా విమాన సంస్థను అడిగి తెలుసుకోవడం మంచిది.

బ్యాటరీలకు వేరే నియమాలు ఉన్నాయి. శక్తివంతమైన లేజర్లలో వాడే లిథియం బ్యాటరీలు విడిగా ఉన్నపుడు వాటిని సరుకు పెట్టెలో పెట్టరాదు, చేతి సంచిలోనే ఉంచవలెను. కొనలు లోహానికి తగలకుండా ఒక్కొక్క దానిని విడివిడిగా భద్రపరచాలి. ప్రయాణంలో పొరపాటున మీట నొక్కుకుపోకుండా పరికరంలోని బ్యాటరీని తీసివేయడం క్షేమకరం. విమానం లోపల పాయింటర్‌ను వెలిగించడం ఎంతమాత్రం తగదు.

పాయింటర్ అని పేరు లేకున్నా లేజర్ కలిగిన వస్తువులు మరికొన్ని ఉన్నాయి. ఉపన్యాసాలలో స్లైడ్లు మార్చే రిమోట్, తాళాల గుత్తికి తగిలించే చిన్న లైటు, పిల్లుల ఆటవస్తువు మొదలైనవి ఈ కోవలోనివే. సామాను సర్దుకునేటప్పుడు ఇవి సాధారణంగా గుర్తుకు రావు.

భారతదేశంలో చట్టాలు

విమాన నియమాలు, 1937 ప్రకారం విమానాశ్రయ పరిసరాలలో విమానాలకు ప్రమాదం కలిగించే లేదా పైలట్‌లను తప్పుదారి పట్టించే దీపాన్ని ఆర్పివేయమని గాని, కప్పివేయమని గాని నోటీసు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. ఈ నియమాలకు మూలమైన 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన అధినియమం, 2024 వచ్చి, 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. విమానాశ్రయాల పరిసరాలలో లేజర్ కాంతిని నిషేధిస్తూ భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ క్రింద స్థానిక అధికారులు ఉత్తర్వులు జారీ చేయవచ్చును. అంతకు ముందు ఈ అధికారం నేర విచారణ స్మృతి 144వ సెక్షన్ క్రింద ఉండేది. ఇటువంటి ఉత్తర్వులు నిర్ణీత కాలానికి, నిర్ణీత ప్రాంతానికి మాత్రమే వర్తిస్తాయి.

ఇతర దేశాల నియమాలు

తెలుగువారు ఎక్కువగా చదువులకు, ఉద్యోగాలకు వెళ్ళే దేశాలతో సహా కొన్ని దేశాల నియమాలు క్రింద ఇవ్వబడ్డాయి.

* ఆస్ట్రేలియా: సిడ్నీ సంఘటన తరువాత 2008 నుండి 1 మిల్లీవాట్ మించిన చేతి లేజర్ పాయింటర్లను అనుమతి లేకుండా దేశంలోనికి తీసుకురావడం నిషేధించబడినది. విక్టోరియా రాష్ట్రంలో ఇటువంటివి నిషిద్ధ ఆయుధాలుగా పరిగణించబడతాయి.
* అమెరికా: పాయింటర్లుగా అమ్మేవాటికి 5 మిల్లీవాట్లు పరిమితి. 2012 నాటి చట్టం ప్రకారం తెలిసి విమానంపై లేజర్ ప్రసరింపజేస్తే 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చును.
* కెనడా: 2018 నుండి టొరంటో, మాంట్రియల్, వాంకూవర్ ప్రాంతాలలోను, ఇతర చోట్ల విమానాశ్రయాలకు 10 కిలోమీటర్ల లోపలను బహిరంగ ప్రదేశాలలో 1 మిల్లీవాట్ మించిన చేతి లేజర్‌ను తగిన కారణం లేకుండా కలిగి ఉండరాదు.
* బ్రిటన్: 2018 నాటి చట్టం ప్రకారం విమానం, రైలు, బస్సు వంటి వాహనాలను నడిపేవారి కళ్ళు చెదిరేలా లేజర్ ప్రసరింపజేస్తే 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉంటుంది.
* స్విట్జర్లాండు: 1వ తరగతి పాయింటర్లు తప్ప మిగిలిన వాటి దిగుమతి, అమ్మకం 2019 జూన్ 1 నుండి నిషేధించబడ్డాయి. 2021 జూన్ 1 నుండి వాటిని కలిగి ఉండడం కూడా నిషిద్ధం.

భీమవరం ప్రాంతపు ప్రయాణికులు

2022 ఏప్రిల్ 4 నుండి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రంగా ఉన్న భీమవరంలో విమానాశ్రయం లేదు. ఇక్కడివారు మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయం నుండి గాని, గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం నుండి గాని బయలుదేరుతారు. దూరదేశాలకు వెళ్ళేవారు చాలామంది హైదరాబాదు సమీపంలోని శంషాబాదు విమానాశ్రయం చేరుకుంటారు. మార్గమధ్యంలో దుబాయి, దోహా వంటి చోట్ల విమానం మారేవారికి అక్కడ కూడా తనిఖీ ఉండవచ్చును. అందుచేత బయలుదేరే చోటు, విమానం మారే చోటు, చేరే చోటు అనే మూడింటి నియమాలనూ పాటించవలసి ఉంటుంది.

భీమవరంలో ఇంజనీరింగు కళాశాలలు ఉండడం వలన పై చదువులకు విదేశాలకు వెళ్ళే విద్యార్థులు ఇక్కడ ఎక్కువ. ఉపన్యాసాలకు పాయింటర్ అవసరమైనవారు దానిని వెంట తీసుకువెళ్ళకుండా, చేరిన దేశంలోనే అక్కడి ప్రమాణాలకు లోబడినదానిని కొనుక్కోవడం సులభమైన మార్గం. ఇక పెళ్ళి ఊరేగింపులలోను, జాతరలలోను లేజర్ దీపాలు ఏర్పాటు చేసేవారు కాంతిని ఆకాశం వైపు కాక గోడపైకి లేదా తెరపైకి మళ్ళించవలెను. మధురపూడి, గన్నవరం పరిసర గ్రామాలలో అయితే విమానాశ్రయ అధికారులను ముందుగా సంప్రదించవలెను.

ఇవి కూడా చూడండి

* లేజర్
* రాజమండ్రి విమానాశ్రయం
* విజయవాడ విమానాశ్రయం
* భీమవరం