పులిని తోయని ఆట

హాలియా మొదలుకొని మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట దాకా పరచుకొన్న పల్లెల్లో రచ్చబండల మీదా గుడి అరుగుల మీదా సుద్దతోనో బొగ్గుతోనో గీసి ఆడుతూ వచ్చిన పులిమేక ఆట, అల్పప్రాణులు ఒక పెద్ద మృగాన్ని ఏ నియమంతో గెలవవచ్చుననే ప్రశ్నకు తెలుగు నేల చెప్పుకొన్న జవాబు. దీనికి పులిజూదమనే పేరూ ఉంది గాని, ఇందులో పాచికలు లేవు, అదృష్టానికి చోటు అసలే లేదు.

బాగా వాడుకలో ఉన్న రూపంలో, శిఖరం నుంచి దిగే గీతలను అడ్డగీతలు కోసే త్రిభుజాకారపు పటం మీద 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులులకు పెద్ద రాళ్లు, మేకలకు చింతగింజలు చాలు. మేకలు ఒక్కొక్కటిగా పటంలోకి వస్తాయి, పదిహేనూ వచ్చేదాకా వాటిలో ఏదీ కదలరాదు, పులులు మాత్రం ఆలోగానే తిరగవచ్చు. పక్కనున్న మేకకు ఆవల అదే గీత మీది కూడలి ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. ఆ ఆవలి చోట మరో మేక నిలిచి ఉంటే దూకలేదు. మేకకు దూకే హక్కు లేదు, కొట్టే హక్కు లేదు, తోసే హక్కూ లేదు. దానికున్నదల్లా ఒక చోటును ఆక్రమించి నిలవడమే. అన్ని దారులూ మూసుకుపోయి పులులు కదలలేని క్షణాన మేకలు గెలిచినట్లు. ఈ ఆటలోని గొప్పతనమంతా ఈ నియమంలోనే ఉంది.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, అనగా ఆటగాళ్లు పాత్రలు ధరించి కథ నడిపే బల్లమీది ఆట, ఇదే ప్రశ్నను మరో తీరున తేల్చింది. 2014 నాటి దాని ఐదవ కూర్పు ప్రకారం తనకన్నా ఒక్క పరిమాణం మించని ప్రత్యర్థినే, బలపరీక్షలో నెగ్గి, ఐదడుగులు తోయవచ్చు. అది కొండ అంచయితే పడిన ప్రతి పదడుగులకూ ఒక పాచిక చొప్పున దెబ్బ లెక్కిస్తారు. అంటే మనిషి గుర్రమంత మృగాన్ని తోయగలడు గాని ఏనుగంత మృగాన్ని కదిలించలేడు. పులిమేకలో ఆ హద్దు లేదు, ఎందుకంటే అక్కడ గెలుపు బలంతో కాక కూడికతో వస్తుంది.

తమిళుల ఆడుపులి ఆట్టం దీనికి తోబుట్టువు. నేపాలీల బాఘ్‌చాల్ 25 కూడళ్లపై 4 పులులతో, 20 మేకలతో సాగే దగ్గరి బంధువు. హంపీ కట్టడాల రాతినేలల మీద ఆటపటాలు చెక్కి ఉన్నా, కట్టడపు కాలాన్నే ఆట కాలంగా తీసుకోవడం పొరపాటు, ఏలనంటే ఆ గీతలను తరువాతి తరాలవారెవరైనా చెక్కి ఉండవచ్చు. అయినా గుడి బండలు మార్చేటప్పుడు వాటి మీద ఇటువంటి గీతలు కనిపిస్తే, బండ తొలగించకముందే వాటి నకలు తీయించి ఉంచవలసిన బాధ్యత ఆయా ఊళ్లవారిది.