కాల్షియం వేషంలో వచ్చిన రేడియం



స్కూటరు వెనుక మెరిసే స్టిక్కర్లని మనం ‘రేడియం’ అంటూంటాం. నిజానికి వాటిలో రేడియం రవ్వంతైనా వుండదు. పడిన వెలుతురుని తిప్పి పంపడమే వాటి పని. కాని ఒకప్పుడు చీకట్లో వెలిగే గడియారాలకి నిజంగానే రేడియం పూసేవారు. పూసినవాళ్ళు మన ఆడపిల్లల వంటి ఆడపిల్లలే.

రేడియాన్ని 1898లో మేరీ క్యూరీ, ఆమె భర్త పియరీ కనుగొన్నారు. టన్నులకొద్దీ ఖనిజాన్ని కాచి, వడగట్టి, 1902 నాటికి ఆమె తీయగలిగిన రేడియం క్లోరైడు గ్రాములో పదోవంతు! ఈ రేడియం లవణాన్ని ఇసుమంత జింకు సల్ఫైడులో కలిపితే, రేడియం నుంచి వెలువడే కణాలు తగిలి జింకు సల్ఫైడు పచ్చగా వెలుగుతుంది. గడియారం రంగు రహస్యం అదే.

అమెరికాలో, న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో 1917లో ఈ రంగుపని మొదలైంది. సన్నని అంకెలు దిద్దాలంటే కుంచె మొన కుదురుగా వుండాలి కదా! పెదాల మధ్య పెట్టి మొన చేసుకోమని పిల్లలకి నేర్పారు. “ఏమీ కాదు” అన్నారు. అదే కర్మాగారంలో రసాయన శాస్త్రవేత్తలు మాత్రం సీసపు పలకల చాటున, పటకార్లతో పనిచేసేవారు.

ఇక్కడే వుంది అసలు కిటుకు. రసాయన గుణంలో రేడియం కాల్షియానికి దగ్గర చుట్టం. పాలలో, రాగుల్లో వచ్చే కాల్షియాన్ని ఎముక ఎలా దాచుకుంటుందో, ఈ రేడియాన్నీ అలాగే దాచుకుంది. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది! పళ్ళు వూడాయి, దవడలు పుచ్చాయి, వెన్నెముకలు దెబ్బతిన్నాయి. 1925లో డాక్టర్ హారిసన్ మార్ట్‌లాండ్ రేడియమే కారణమని రుజువు చేశాడు.

గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయి ఓ వకీలు కోసం రెండేళ్ళు తిరిగింది. చివరికి 1927లో దావా వేసింది. మరో నలుగురు ఆమెతో కలిశారు. గడువు దాటిపోయిందని కంపెనీ వాదించింది. 1928లో రాజీ కుదిరింది: ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు, వైద్యం ఖర్చులు. గ్రేస్ 1933లో కన్నుమూసింది. కాని పనిలో వచ్చే జబ్బుకి యజమాని జవాబు చెప్పాలన్న మాటకి ఆ దావా బలం తెచ్చింది.

విచిత్రం చూడండి! ఎముకలోకి చేరే ఆ గుణమే యిప్పుడు మందుగా పనికొస్తోంది. ఎముకలకి పాకిన ఒక రకం క్యాన్సరుకి, 11 రోజుల్లోనే సగమైపోయే రేడియం-223 క్లోరైడు ఇంజక్షనుకి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది.

మీ యింట్లో తాతలనాటి వెలుగు గడియారం వుంటే విప్పకండి, గీకకండి, పిల్లల చేతికివ్వకండి. వెలుగు ఆరిపోయిందంటే జింకు సల్ఫైడు పాడైందనే అర్థం. రేడియం అలాగే వుంటుంది.

ఏ పనిలోనైనా, ఎవరైనా “ఏమీ కాదమ్మా” అంటే, “మరి మీరెందుకు దూరంగా నిలబడ్డారు?” అని అడగండి. మన పిల్లలకీ అలా అడగడం నేర్పుదాం.